ఇంగ్లీషు ఉత్తరంలో కామా ఎక్కడ పెట్టాలి? సిరోంచ వైపు తెలుగువాళ్ల కోసం

మహారాష్ట్రలోని సిరోంచ, అంకీస, ఆసరెల్లి వైపు మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తహసీల్‌కు మరాఠీ అర్జీ ఇస్తే పని జరిగిపోతుంది. ఇంగ్లీషు అవసరం పడేది వేరే చోట్ల. పంట బీమా కంపెనీకి రాసే ఉత్తరం, హైదరాబాద్‌లో ఉద్యోగానికి పంపే మెయిల్, నాగ్‌పూర్ హైకోర్టు బెంచికి వెళ్లే అఫిడవిట్, గోదావరి అవతల తెలంగాణ అధికారులకు పెట్టుకునే మొర, ఇవన్నీ ఎక్కువగా ఇంగ్లీషులోనే నడుస్తాయి. రాసేటప్పుడు స్పెల్లింగ్ గురించి అందరికీ టెన్షనే. కామా గురించి మాత్రం ఎవరికీ ఉండదు. స్పెల్లింగ్ తప్పితే ఫోనే కింద ఎర్ర గీత గీసి చెబుతుంది. కామా తప్పితే చాలాసార్లు ఏ గీతా పడదు, వాక్యం బాగానే కనిపిస్తుంది, అర్థం మాత్రం మారిపోయి ఉంటుంది.

బడిలో మనకు చెప్పిన సూత్రం ఒక్కటే: ఊపిరి తీసుకునే చోట కామా పెట్టు. దీన్ని ముందు మరిచిపోండి. మనం ఊపిరి తీసుకునేది తెలుగు లయలో. ఆ లయను ఇంగ్లీషు వాక్యం మీద పెడితే సగం కామాలు తప్పు చోటే పడతాయి.

ఉదాహరణలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. కామా ఎక్కడుందో చూడటమే మనకు ముఖ్యం. మీరు రాసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి.

ముందు ఫుల్‌స్టాప్‌ల సంగతి తేల్చండి

చెప్పాల్సింది మొత్తం ఒక్క కామా కూడా లేకుండా రాసేయండి. తర్వాత ప్రతి వాక్యంలో క్రియ ఎక్కడుందో, ఆ పని చేసింది ఎవరో గీత గీసి గుర్తుపెట్టుకోండి. కామా తప్పుల్లో ఎక్కువ భాగం ఫుల్‌స్టాప్ పెట్టాల్సిన చోట కామా పెట్టడం వల్ల వచ్చేవే.

మనకు ఈ అలవాటు ఎందుకుందో చెప్తాను. “నిన్న అహేరి వెళ్లి, మేనేజర్ని కలిసి, కాగితాలు ఇచ్చి వచ్చాను” అంటాం. ఇందులో పూర్తి క్రియ చివర ఒక్కటే. వెళ్లి, కలిసి, ఇచ్చి అనేవి దాన్ని పట్టుకుని నడుస్తాయి. మరాఠీలోనూ అంతే, జాఊన్, భేటూన్, దేఊన్ అంటారు. అందుకని రెండు భాషల్లోనూ కామాలతో ఎంత పొడవైనా లాగొచ్చు. అదే ఇంగ్లీషులోకి తెస్తే ఇలా వస్తుంది:

“ఐ వెంట్ టు అహేరి, ఐ మెట్ ద మేనేజర్, ఐ గేవ్ ద పేపర్స్.”

ఇక్కడ మూడు పూర్తి వాక్యాలున్నాయి. వాటిని కలిపి ఉంచే బలం ఇంగ్లీషు కామాకు లేదు. దీన్ని సరిచేయడానికి సులువైన దారి, మొదటి “ఐ” ఉంచి మిగతావి తీసేయడం: “ఐ వెంట్ టు అహేరి, మెట్ ద మేనేజర్ అండ్ గేవ్ ద పేపర్స్.” అప్పుడు ఒకే మనిషి చేసిన మూడు పనుల జాబితా అవుతుంది. అది వద్దనుకుంటే మూడు చోట్లా ఫుల్‌స్టాప్ పెట్టండి. చిన్న చిన్న వాక్యాలు రాస్తే ఇంగ్లీషు రాదనుకుంటారని కొందరి భయం. ఉత్తరం చదివే అధికారికి చిన్న వాక్యమే హాయి.

రెండు పూర్తి వాక్యాలను అండ్, బట్, సో లాంటి మాటతో కలిపితే ఆ మాటకు ముందు కామా వస్తుంది. “ఐ గేవ్ ద పేపర్స్, బట్ ద మేనేజర్ డిడ్ నాట్ సైన్ దెమ్.” బట్‌కు అటు ఒక కర్త, ఇటు ఇంకో కర్త. కర్త ఒక్కరే అయి, రెండు పనులు అండ్‌తో కలిస్తే కామా అక్కర్లేదు: “ఐ మెట్ ద మేనేజర్ అండ్ గేవ్ ద పేపర్స్.”

హౌఎవర్, దేర్‌ఫోర్ చూడటానికి బట్, సో లాగే ఉంటాయి గానీ వాటికి వాక్యాలను కలిపే శక్తి లేదు. “ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్, దేర్‌ఫోర్ ఐ కేమ్ బ్యాక్” అని రాయకూడదు. “ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్. దేర్‌ఫోర్, ఐ కేమ్ బ్యాక్” అని రాయాలి. మాటకు ముందు ఫుల్‌స్టాప్ లేదా సెమికోలన్, వెనక కామా. ఇంత తలనొప్పి ఎందుకు, నన్నడిగితే దేర్‌ఫోర్ మానేసి సో రాసుకోండి.

కర్తకూ క్రియకూ మధ్య

“మా ఊరి రైతులందరూ...” అని మనం ఒక్క క్షణం ఆగుతాం. ఊపిరి సూత్రం ఇక్కడే దెబ్బ తీస్తుంది. “ఆల్ ద ఫార్మర్స్ ఆఫ్ అవర్ విలేజ్, హావ్ లాస్ట్ దెయిర్ కాటన్” అని రాసేస్తాం. ఫార్మర్స్ కర్త, హావ్ లాస్ట్ క్రియ. వాటిని విడదీయకూడదు. కర్త ఎంత పొడవున్నా సరే, కామా తీసేయండి.

మరి మధ్యలో కామాలున్న వాక్యాలు బోలెడు కనిపిస్తాయి కదా అంటారా? అవి జంటగా ఉంటాయి, ఒకసారి చూడండి. జాబితా ఉంటే సంగతి వేరు. లేకపోతే కర్తకూ క్రియకూ మధ్య కామాలు అసలు లేకపోవచ్చు, రెండు ఉండొచ్చు, ఒక్కటి మాత్రం ఉండకూడదు. ఈ లెక్క గుర్తుంటే సగం పని అయినట్టే.

జంట కామాలు: అసలు జాగ్రత్త ఇక్కడే

మీ సాత్‌బారా (7/12 భూమి పత్రం) మీద రెండు గట్ నంబర్లు (పొలం సర్వే నంబర్ల లాంటివి) ఉన్నాయనుకోండి. ఒకటి నది ఒడ్డున, ఇంకోటి మెరకలో. మేడిగడ్డ బ్యారేజీ వెనకనీళ్లు వచ్చి పొలం మునిగింది. తెలుగులో “నది పక్కనున్న మా పొలాలు మునిగాయి” అంటాం. మునిగింది నది పక్కవి మాత్రమేనా, అన్నీనా? వాక్యంలో తేలదు. ఊళ్లో వాళ్లకు మన పొలాలు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి తెలుగులో ఇబ్బంది రాదు. ముంబయిలో కూర్చుని ఉత్తరం చదివే మనిషికి తెలియదు. ఇంగ్లీషు ఆ తేడాను కామాతోనే చూపిస్తుంది.

“అవర్ ఫీల్డ్స్, విచ్ ఆర్ నియర్ ద రివర్, వర్ సబ్‌మెర్జ్డ్.” మా పొలాలన్నీ మునిగాయి, అవన్నీ నది పక్కనే ఉన్నాయి అని అర్థం.

“అవర్ ఫీల్డ్స్ విచ్ ఆర్ నియర్ ద రివర్ వర్ సబ్‌మెర్జ్డ్.” నది పక్కనున్నవి మునిగాయి అని అర్థం. వేరే పొలాలు కూడా ఉన్నాయని, అవి బాగానే ఉన్నాయని చదివేవాడికి తోస్తుంది.

ఒక్క ముక్క మార్చలేదు. రెండు కామాలు పెట్టామా లేదా, అంతే తేడా. నది పక్కది మాత్రమే మునిగి మీరు కామాలు పెడితే, ఉత్తరం అన్నీ మునిగాయంటుంది, పంచనామా ఒక్కటే అంటుంది. రెంటికీ పొంతన కుదరక ఫైలు ఆగొచ్చు. అన్నీ మునిగినా కామాలు మరిచిపోతే, మునగని పొలం ఒకటుందని మీరే రాసిచ్చినట్టు.

ఎలా తేల్చుకోవాలి? మధ్యలో ఉన్న ముక్కను వేలితో మూసి చదవండి. “అవర్ ఫీల్డ్స్ వర్ సబ్‌మెర్జ్డ్.” మీ విషయంలో ఇది నిజమేనా? నిజమైతే ఆ ముక్క అదనపు సమాచారం, దానికి అటూ ఇటూ రెండు కామాలు పెట్టండి. నిజం కాకపోతే, అంటే అన్నీ మునగలేదంటే, ఆ ముక్క ఏ పొలమో గుర్తు చెబుతోంది. అప్పుడు కామాలొద్దు. అలాంటి చోట విచ్ బదులు దట్ రాస్తే ఇంకా స్పష్టం: “ద ఫీల్డ్స్ దట్ ఆర్ నియర్ ద రివర్.” గుర్తు చెప్పే దట్‌కు ముందు కామా రాదు కాబట్టి తప్పు జరిగే వీలు తగ్గుతుంది. మన ప్రాంతంలో నష్టపరిహారం ఉత్తరాలకు ఇదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం. ఇంకా మంచిది, గట్ నంబరు వేసి ఏది మునిగిందో విడిగా రాయడం.

మనుషుల విషయంలోనూ ఇదే పరీక్ష. “మై సన్, హూ వర్క్స్ ఇన్ నాగ్‌పూర్, ఈజ్ మై నామినీ” అని రాస్తే మీకు కొడుకు ఒక్కడే అని అర్థం వస్తుంది. ఇద్దరుంటే కామాలు తీసేయాలి: “మై సన్ హూ వర్క్స్ ఇన్ నాగ్‌పూర్ ఈజ్ మై నామినీ.” నాగ్‌పూర్‌లో ఉన్నవాడు, పుణెలో ఉన్నవాడు కాదు అని. వారసుల అఫిడవిట్లో ఇలాంటి చోట పేరు రాసేయడమే క్షేమం, కానీ పేరు రాసినా కామా గొడవ పోదు. “మై సన్” తర్వాత పేరును కామాల మధ్య పెడితే ఒక్కడే కొడుకు, కామాలు లేకపోతే ఇంకెవరో కూడా ఉన్నారని చదువుకునే అవకాశం ఉంది.

జంట కామాలకు మంచి నమూనా పాఠ్యపుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుంది, మన రాజ్యాంగ పీఠిక. ఇంగ్లీషులో అది “వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా, హావింగ్ సాలెమ్‌లీ రిజాల్వ్డ్” అని మొదలవుతుంది. వి అంటే ఎవరో మధ్య ముక్క చెబుతోంది, రెండు వైపులా కామా ఉంది. అమెరికా రాజ్యాంగం కూడా అలాంటి మాటలతోనే మొదలవుతుంది గానీ అక్కడ వి తర్వాత కామా లేదు. రెండూ చెల్లుతాయి. మనవాళ్లు మొదటిది పెట్టారు, రెండోది మరిచిపోలేదు.

నోటరీ దగ్గర టైపు చేసే అఫిడవిట్లలో పోయేది ఈ రెండో కామానే. “ఐ, ద అండర్‌సైన్డ్, ఏజ్డ్ 45 ఇయర్స్, రెసిడెంట్ ఆఫ్ అంకీస, డు హియర్‌బై స్టేట్...” ఇందులో అంకీస తర్వాతి కామా చాలాసార్లు ఎగిరిపోతుంది. మొదలుపెట్టిన జంటను మూసేదాకా వేలు తీయకండి.

వాక్యం ముందు వచ్చే ముక్కలు

ఇది సులువు. కారణం గానీ సమయం గానీ షరతు గానీ ముందొచ్చి, అసలు సంగతి తర్వాత వస్తే, ఆ ముక్క అయిపోయిన చోట కామా పెట్టండి. “వెన్ ద వాటర్ కేమ్, వి లెఫ్ట్ ద హౌస్.” తిరగేసి రాస్తే కామా వద్దు: “వి లెఫ్ట్ ద హౌస్ వెన్ ద వాటర్ కేమ్.” ఇఫ్, బికాజ్, డ్యూ టు కూడా ఇలాగే. “ఇన్ జులై” లాంటి చిన్న ముక్కకు పెట్టినా పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనరు.

సెడ్ తర్వాత దట్

మరాఠీ మీడియంలో చదివినవాళ్లు ఈ ముక్క ప్రత్యేకంగా చూసుకోవాలి. మరాఠీ పేపర్లలో “తలాఠీ మ్హణాలే, కీ...” (గ్రామ రెవెన్యూ అధికారి ఏమన్నారంటే) అని కీకి ముందు స్వల్పవిరామ్, అంటే కామా, వేసి రాయడం మామూలే. ఆ చెయ్యి అలవాటుతో ఇంగ్లీషులో “ద తలాఠీ సెడ్, దట్ ద పంచనామా వాజ్ ఓవర్” అని పడిపోతుంది. దట్‌కు ముందు కామా తీసేయండి. “ద తలాఠీ సెడ్ దట్ ద పంచనామా వాజ్ ఓవర్.”

ఆయన అన్న మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కొటేషన్లలో పెడితేనే కామా: ద తలాఠీ సెడ్, “కమ్ ఆన్ మండే.” తెలుగులో “అని” అనే మాట చివర వచ్చి ఈ పనంతా చేసేస్తుంది కాబట్టి మనకు కొటేషన్ల మీద శ్రద్ధ తక్కువ. అధికారిక ఉత్తరంలో అన్న మాటలు అచ్చంగా గుర్తులేకపోతే కొటేషన్ జోలికి పోవద్దు, దట్‌తో రాయండి.

జాబితాలు, అండ్‌కు ముందు కామా

మూడు వస్తువులు వరసగా రాస్తే మధ్య కామాలు. చివరి అండ్‌కు ముందు పెట్టాలా వద్దా అన్నదానికి జవాబు ఒక్కటి లేదు. మన పీఠికలో “థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్, ఫెయిత్ అండ్ వర్షిప్” అని ఉంది, అండ్‌కు ముందు కామా లేదు. అమెరికా పుస్తకాల్లో తరచూ పెడతారు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ కూడా పెడుతుంది, అందుకే దానికి ఆక్స్‌ఫర్డ్ కామా అని పేరు. బడి వ్యాసంలో ఏది రాసినా సరే. డబ్బుతో ముడిపడిన కాగితంలో మాత్రం ఆగి చూడాలి.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక చట్టం ఏయే పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో జాబితా ఇచ్చింది. ఆ జాబితా చివర “స్టోరింగ్, ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్” అని ఉంది. షిప్‌మెంట్ తర్వాత కామా లేదు. పాల కంపెనీ డ్రైవర్లు కోర్టుకెక్కారు. ఆ మాటలకు పంపడానికో పంచడానికో ప్యాక్ చేయడం అనే అర్థం వస్తుంది, మేం ప్యాక్ చేయం, సరుకు చేరవేస్తాం, కాబట్టి మాకు ఓవర్‌టైమ్ రావాలి అన్నారు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీకొచ్చింది.

మన దగ్గరా ఉంది. 1979లో మహారాష్ట్ర ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న ఒక కేసులో సుప్రీంకోర్టు మందుల చట్టంలోని 27వ సెక్షన్ చదివింది. అందులో “సెల్స్, స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్” అని ఉంది. స్టాక్స్ తర్వాత కామా లేదు కాబట్టి ఫర్ సేల్ అనేది దానికీ వర్తిస్తుంది, అంటే అమ్మకం కోసం నిల్వ పెడితేనే నేరం, ఊరికే దగ్గర ఉండటం నేరం కాదు అని కోర్టు తేల్చింది. తమాషా ఏమిటంటే 1952లో ఇదే కోర్టు ఒక తీర్పులో, చట్టానికి అర్థం చెప్పేటప్పుడు విరామ చిహ్నాలది చిన్న పాత్రే అంది. చిన్నదే కావొచ్చు, అవసరం వచ్చిన రోజు దాన్నే పట్టుకున్నారు.

మీ ఉత్తరంలో ఏం చేయాలంటే, చివరి రెండూ కలిసిపోయి ఒకే వస్తువులా వినిపిస్తాయేమో చూడండి. వినిపిస్తే అండ్‌కు ముందు కామా పెట్టండి. రెండే వస్తువులుంటే కామా అసలు వద్దు: “కాటన్ అండ్ చిల్లీ.”

తేదీలు, అంకెలు, చిరునామా

తేదీ 15 ఆగస్ట్ 2024 అని రాస్తే కామా లేదు. నెల ముందు రాస్తే రోజు తర్వాత కామా: ఆగస్ట్ 15, 2024. డబ్బు మన పద్ధతిలో 12,50,000. విదేశీ కంపెనీకి పంపేటప్పుడు అదే 1,250,000 అవుతుంది. ఒకే ఉత్తరంలో రెండు పద్ధతులూ కలపొద్దు. “డియర్ సర్” తర్వాత, చివర “యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ” తర్వాత కామా పెడితే రెండు చోట్లా పెట్టండి, మానేస్తే రెండు చోట్లా మానేయండి. వాక్యం మధ్యలో ఎవరినైనా పిలిస్తే ఆ పిలుపుకు కామా కావాలి: “థాంక్ యూ, సర్.”

ఇప్పుడు ఒక ఉత్తరం దిద్దుదాం

మన దగ్గర తరచూ తయారయ్యే రకం ఇది:

“డ్యూ టు హెవీ రెయిన్స్ ఇన్ జులై మై ఫీల్డ్, విచ్ ఈజ్ నియర్ ద రివర్ వాజ్ సబ్‌మెర్జ్డ్, ఐ వెంట్ టు ద ఆఫీస్, ద క్లర్క్ సెడ్, దట్ మై పేపర్స్ ఆర్ నాట్ కంప్లీట్, దేర్‌ఫోర్ ఐ యామ్ సెండింగ్ ద సాత్‌బారా, ద పంచనామా అండ్ ద ఫొటోస్ అగైన్.”

ముందు ఫుల్‌స్టాప్‌లు. సబ్‌మెర్జ్డ్ దగ్గర ఒకటి, కంప్లీట్ దగ్గర ఒకటి. జులై తర్వాత ముందు ముక్క అయిపోయింది, కామా. పొలం ఒక్కటే ఉంది కాబట్టి విచ్ ముక్కకు జంట కామా, రివర్ తర్వాత తప్పిపోయింది పెట్టాలి. ఆఫీసు వాక్యానికి, క్లర్కు వాక్యానికి మధ్య అండ్ చేర్చాలి. సెడ్ తర్వాతిది తీసేయాలి. దేర్‌ఫోర్ బదులు సో రాయొచ్చు, కానీ అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టాం కాబట్టి దేర్‌ఫోర్ ఉండనిచ్చి వెనక కామా వేద్దాం. క్లర్కు మాట అయిపోయిన రోజుది, కాబట్టి ఆర్ కూడా వర్ అవుతుంది.

“డ్యూ టు హెవీ రెయిన్స్ ఇన్ జులై, మై ఫీల్డ్, విచ్ ఈజ్ నియర్ ద రివర్, వాజ్ సబ్‌మెర్జ్డ్. ఐ వెంట్ టు ద ఆఫీస్, అండ్ ద క్లర్క్ సెడ్ దట్ మై పేపర్స్ వర్ నాట్ కంప్లీట్. దేర్‌ఫోర్, ఐ యామ్ సెండింగ్ ద సాత్‌బారా, ద పంచనామా అండ్ ద ఫొటోస్ అగైన్.”

మొదటి వాక్యంలో కామాలు మూడయ్యాయి, కాస్త బరువుగానే ఉంది. నాకైతే “మై ఫీల్డ్ ఈజ్ నియర్ ద రివర్. డ్యూ టు హెవీ రెయిన్స్ ఇన్ జులై, ఇట్ వాజ్ సబ్‌మెర్జ్డ్” అని రెండుగా విడగొట్టడమే నచ్చుతుంది.

ఫోన్లో మాట్లాడుతూ టైపు చేసేవాళ్లు, కామా రావాల్సిన చోట నోటితో కామా అని కూడా చెప్పండి. బయట టైపు చేయిస్తే ప్రింటు తీసిన కాగితాన్ని మీ రాతప్రతి పక్కన పెట్టుకుని, జంట కామాల చోట్లు మాత్రం ఒక్కొక్కటి సరిచూసుకుని, ఆ తర్వాత సంతకం పెట్టండి. సంతకం అయ్యాక పెన్నుతో కామా దిద్దితే దాని పక్కన కూడా సంతకం పెట్టమంటారు.